కేకు వద్దు, చెనిక్కాయలు పట్టుకెళ్ళండి

నర్సింగ్ హోమ్ ఎక్కడ అని తిరుపతిలో ఎవర్నడిగినా కాన్పులు చేసే డాక్టరమ్మ ఆసుపత్రి చూపిస్తారు. చిత్తూరులోనూ అంతే. అదే మాట ఇంగ్లండులోనో అమెరికాలోనో అడిగితే, తమ పనులు తాము చేసుకోలేని ముసలివాళ్ళు మిగిలిన కాలం గడిపే చోటు చూపిస్తారు. మనకి దానికి దగ్గరి చుట్టం వృద్ధాశ్రమం. చేరేటప్పుడు చాలామంది నడుచుకుంటూనే వస్తారు. ఐదేళ్ళకో పదేళ్ళకో అదే గదిలో మంచాన పడతారు. అందుకని మన దగ్గర ఓల్డేజ్ హోమూ, వాళ్ళ నర్సింగ్ హోమూ రెండూ ఒకే వరండాలో ఉంటాయన్నమాట. ఆ వరండా గురించే నాలుగు మాటలు చెప్పాలని.

మా చిన్నవ్వ తిరుపతి దగ్గర ఒక ఆశ్రమంలో ఉంటోంది. ఎవరూ గెంటేసింది లేదు. కొడుకొకడు డాలస్‌లో, ఇంకొకడు పూణేలో. మోకాళ్ళు పనిచెయ్యవు, ఒక్కతే ఊర్లో ఉండలేదు, తనే ఒప్పుకుని చేరింది. నేను బెంగుళూరు నుంచి నెలకి రెండుసార్లు ఊరికొస్తాను కాబట్టి వచ్చినప్పుడల్లా వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ కాకపోయినా, రెండుసార్లలో ఒకసారి మన జాతి వాళ్ళు కనబడతారు. అదేనండీ, మెడలో ఐడీ కార్డు, ఒకే రంగు టీషర్టులు. ఒకరి పుట్టినరోజు, ఒక కేకు, పెద్దవాళ్ళని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడం, పులిహోర, చక్కెర పొంగలి, గ్రూప్ ఫోటో, టాటా. గంటన్నరలో ముగుస్తుంది. షుగరున్న వాళ్ళకి కేకు తినకూడదని అక్కడి ఆయాలు వెనకాల నుంచి లాక్కోవాలి, అది వేరే కథ.

తప్పు పట్టడానికి చెప్పట్లేదు. ఆ పూట భోజనం ఖర్చు కలిసొస్తుంది, ఆశ్రమాలకి అది చిన్న విషయం కాదు. కానీ వచ్చిన వాళ్ళలో ఒక్కరైనా ఆ కుర్చీల్లో ఉన్న వాళ్ళని 'మీదే ఊరు?' తర్వాత రెండో ప్రశ్న అడగడం నేను చూడలేదు.

ఆ రెండో ప్రశ్న గురించి ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. పేరు రెమినిసెన్స్ థెరపీ. తెలుగులో చెప్పాలంటే నలుగురూ కూర్చుని పాత సంగతులు నెమరేసుకోవడం. దానికొక థెరపీ ఏంటి, రచ్చబండ మీద మన తాతలు ఫీజు లేకుండా చేసిందే కదా అని నవ్వొస్తుంది. నవ్వండి, తప్పులేదు. కాకపోతే ఆ తాతలు ఇప్పుడు రచ్చబండ మీద లేరు. ఒకాయన మంచం కిటికీ పక్కన, ఇంకొకాయన మంచం తలుపు పక్కన, మధ్యలో టీవీ. ముప్ఫై మంది ఒకే చూరు కింద ఉంటూ ఒకరి పెళ్ళి ఏ ఊళ్ళో అయిందో ఇంకొకరికి తెలియకుండా ఏళ్ళు గడపొచ్చని నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది.

1963 దాకా ముసలివాళ్ళు పాత సంగతులు పదేపదే చెప్తుంటే డాక్టర్లు కూడా చాదస్తం కిందే లెక్కేసేవాళ్ళు. ఆ ఏడాది రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ఒక పేపర్ రాశాడు. చావు దగ్గరపడుతోందని తెలిసిన మనిషి తన బతుకుని మొదట్నుంచి ఒకసారి తిరగేసుకోవడం సహజమైన పని, దాన్ని ఆపకండి అన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరు లైఫ్ రివ్యూ. మనకైతే రెండు వారాల స్ప్రింటుకొక రెట్రోస్పెక్టివ్ మీటింగు ఉంటుంది, ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు అని గంటసేపు బుర్ర తింటారు. ఎనభై ఏళ్ళ స్ప్రింటు లాగిన వాళ్ళకి మాత్రం ఒక్క మీటింగూ లేదు :)

ఇప్పుడు అసలు మెలిక. 2010లో కేథరిన్ హస్లామ్, ఆవిడతో పనిచేసిన వాళ్ళు బ్రిటన్‌లో కేర్ హోముల్లో ఉండే 73 మందిని మూడు రకాలుగా విడదీశారు. కొందరు గుంపుగా కూర్చుని పాత సంగతులు చెప్పుకోవాలి. కొందరు అవే సంగతులు ఒక్కొక్కరుగా ఒక మనిషితో చెప్పుకోవాలి. మూడో రకం వాళ్ళు పాత సంగతుల జోలికే పోకుండా గుంపుగా స్కిటిల్స్ ఆడాలి, అంటే బంతి దొర్లించి చెక్క దిమ్మలు పడగొట్టే ఆట. ఆరు వారాలయ్యాక చూస్తే గుంపులో చెప్పుకున్న వాళ్ళ జ్ఞాపకశక్తి మెరుగుపడింది. గుంపుగా ఆడుకున్న వాళ్ళకి మనసు కుదుటపడింది. ఒక్కొక్కరుగా కూర్చుని చెప్పుకున్న వాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు.

నాకు ఇది చదివాక ఆదివారం వీడియో కాల్స్ గుర్తొచ్చాయి. మనలో చాలామంది ధైర్యం అదే కదా, వారం వారం మాట్లాడుతున్నాం అని. మాట్లాడాల్సిందే, మానమని ఎవరంటారు. కానీ కొడుకుతో మాట్లాడేటప్పుడు అమ్మ చెప్పేది జవాబులు. మాత్రలేసుకున్నా, అన్నం తిన్నా, బాగుండా. కథ చెప్పాలంటే ఎదురుగా ఇంకో ముసలామె ఉండాలి. 'లేదుమే, ఆ పొద్దు అట్ల కాదు జరిగింది' అని అడ్డం తగలాలి. ఆ అడ్డం తగలడంలోనే జ్ఞాపకం లేచి కూర్చుంటుంది. మనం అడ్డం తగల్లేం, ఎందుకంటే మనం అప్పటికి పుట్టలేదు.

ఎక్కువ చేసి చెప్పకూడదు కాబట్టి ఇదీ చెప్తాను. 2018లో కాక్రేన్ వాళ్ళు డిమెన్షియా ఉన్నవాళ్ళ మీద జరిగిన 22 అధ్యయనాలని కలిపి చూశారు, దాదాపు రెండు వేల మంది. తేలిందేమంటే, ఫలితాలు చిన్నవి, అన్నిచోట్లా ఒకేలా లేవు. కేర్ హోముల్లో ఉండే వాళ్ళ జీవన నాణ్యత మెరుగైనట్టు కనబడింది, ఇళ్ళల్లో ఉండే వాళ్ళలో అంతగా కనబడలేదు. గుంపుగా చేస్తే నలుగురితో కలవడం, మాట్లాడటం మెరుగుపడ్డాయి. అంతే. మతిమరుపు నయమవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అంతకు ముందు 2012లో బ్రిటన్‌లోనే ఇంకో పెద్ద ప్రయోగం ఫలితాలొచ్చాయి. ఇళ్ళల్లోనే ఉండే 488 మంది డిమెన్షియా పేషెంట్లని, వాళ్ళని చూసుకునే ఇంటివాళ్ళతో సహా కూర్చోబెట్టి ఇదే చేయించారు. పేషెంట్లకి లాభం కనబడలేదు, ఇంటివాళ్ళకి ఆందోళన పెరిగింది కూడా. కాబట్టి 'ఫ్యామిలీ డే' పెట్టి కొడుకుల ముందు అమ్మల చేత కథలు చెప్పిద్దాం అనే ఐడియా ఎవరికైనా వస్తే, కాస్త ఆగండి. వాళ్ళ ఈడు వాళ్ళతో వాళ్ళని వదిలెయ్యండి.

పై రెండు ప్రయోగాలు కలిపి చదివితే నాకు తోచిందేంటంటే, నోటికి కథ కావాలి, చేతికి పని కావాలి, రెండూ గుంపులో కావాలి. దీనికి మనం స్కిటిల్స్ దిగుమతి చేసుకోనక్కర్లేదు. మా వైపు చెనిక్కాయలు ఒలిచే కాడ జరిగేది ఇదే. (పల్లీలు అనేవాళ్ళకి: అవే.) మిషన్లో వేస్తే పప్పు పగులుతుందని విత్తనానికి చేత్తోనే ఒలిచేవాళ్ళు. వాన రాకముందు, ఇంటి ముందర గోతాం పరిచి, కాయల మీద కాసిని నీళ్ళు చల్లి, వీధిలో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చునేవాళ్ళు. ఎవరింట్లో ఏం జరిగిందో ముప్ఫై ఏళ్ళ వెనక నుంచీ అక్కడ బయటికొచ్చేది. చింతపండు గింజ తీసే కాడా అంతే. చేతులు కదుల్తుంటే నోరు దానంతటది తెరుచుకుంటుంది.

అందుకే మొన్న వేసవిలో కేకుకి బదులు రెండు కేజీల కాయలు పట్టుకెళ్ళాను. తొమ్మిది మంది కూర్చున్నారు. చిన్నవ్వతో ఎప్పుడూ మాట్లాడని ఒకావిడ, పక్షవాతంతో ఎడం చెయ్యి లేవదు, కుడిచేత్తో నేలకేసి నొక్కి ఒలవడం మొదలుపెట్టింది. చిన్నవ్వ చూసి 'నువ్వు సేద్యం చేసినదానివేనా?' అంది. ఇద్దరి మంచాలకీ మధ్య దూరం పది అడుగులుంటుంది. రెండేళ్ళుగా ఉంటున్నారు.

ఏం అడగాలి అనేది పెద్ద ప్రశ్న. దీనికి ఒక లెక్కుంది, ఇంజినీర్లకి నచ్చుతుంది. మనిషికి పెద్దయ్యాక అందరికంటే గట్టిగా గుర్తుండేవి సుమారు పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య జరిగినవి. సైకాలజీ వాళ్ళు దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. ఇప్పుడు ఎనభై ఏళ్ళ మనిషంటే 1940ల మధ్యలో పుట్టిన మనిషి. అంటే మీరు తవ్వాల్సింది 1955 నుంచి 1975 దాకా. స్వాతంత్య్రం గురించి అడిగితే మొహం తెల్లబోతారు, అప్పటికి వాళ్ళు చంటిపిల్లలు. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు అంగట్లో జరిగిన తగాదాలు అడగండి. అదే ఏడాది వచ్చిన మాయాబజార్ ఎవరితో వెళ్ళి చూశారో అడగండి. సినిమా కథ వద్దు, ఎవరితో, ఎట్లా వెళ్ళారు, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరు తిట్టారు, అది.

తిరుపతి ఆశ్రమాలకి ఒక ఇబ్బందుంది, ఒక వరమూ ఉంది. ఇబ్బంది ఏంటంటే అక్కడున్నవాళ్ళు ఒక ఊరివాళ్ళు కాదు. స్వామి పాదాల దగ్గర పోవాలని వచ్చి చేరినవాళ్ళు కొందరు, కొండకి తీసుకొచ్చి వదిలేసి పోతే మిగిలిపోయినవాళ్ళు కొందరు. గోదావరి జిల్లా, తెలంగాణ, తమిళనాడు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఉమ్మడి ఊరు లేదు. వరం ఏంటంటే ఉమ్మడి కొండ ఉంది. 'మొట్టమొదటిసారి కొండకి ఎట్లా వచ్చారు?' అని అడిగితే జవాబు లేని మనిషి నాకింతవరకూ తగల్లేదు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు, రెండోది 1974లో. ఆ ముప్ఫై ఏళ్ళూ ఎక్కడానికీ దిగడానికీ ఒకటే దారి. వాళ్ళ బంప్ మొత్తం ఆ ఒక్క దారి మీదే ఉంది. బస్సులో వాంతులు, అలిపిరి మెట్ల మీద నాయన భుజాన కూర్చుని నిద్రపోవడం, గుండు గీయించుకుని అద్దంలో చూసుకుని ఏడవడం. ఒక తాతయితే కల్యాణకట్టలో మంగలాయన అడిగిన చిల్లరెంతో చెప్పాడు, తన మనవడి పేరు మాత్రం అప్పటికి రెండుసార్లు తప్పు చెప్పాడు.

చిత్తూరు పల్లెల వాళ్ళున్న చోటైతే ఇంకో బంగారు గని ఉంది, భారతం. వేరే జిల్లాల వాళ్ళ కోసం చెప్తాను. మా వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళల్లో ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మధ్యలో ఒకరోజు అర్జునుడి వేషగాడు ఆకాశమంత ఎత్తు తపస్సు మాను ఎక్కుతాడు, కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో వరపడి ఉంటారు, పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. చివరి రోజు మట్టితో ఇంతింత దుర్యోధనుణ్ణి నేల మీద చేసి భీముడి చేత తొడ కొట్టిస్తారు, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. ఇవి ఇప్పటికీ జరుగుతున్నాయి. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, మీ ఊళ్ళో దుర్యోధనుడు ఎంత పొడుగు? ఇద్దరు ముసలాళ్ళు చేతులు చాచి కొలతలు చూపిస్తూ పోట్లాడుకున్నారు. వాళ్ళల్లో ఒకాయన గత నెలంతా 'ఊ', 'ఊహూ' తప్ప మాట్లాడని మనిషి అని ఆయా చెప్పింది. తిరుపతి టౌను వాళ్ళకి గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, వరస ఎవరు తప్పు చెప్పినా ఇంకొకరు ఊరుకోరు. జాతరలో ఏయే తిట్లు తిట్టుకునేవాళ్ళో కూడా చెప్తారు, ఎనభై ఏళ్ళ ముత్తయిదువ నోట అవి వినాలి మీరు.

అన్నీ ఇలా నవ్వులాటగా ఉండవు. ఒకసారి 'మీ ఊరి బావి' అని మొదలుపెట్టాం. ఒకావిడ ఆ నీళ్ళ తీపి గురించి చెప్తోంది. రెండు కుర్చీల అవతలున్న ఇంకొకావిడ, 'మమ్మల్ని తోడనిచ్చేవాళ్ళు కాదు. ఎవరన్నా వచ్చి పోసేదాకా బిందె పెట్టుకోని నిలబడాల' అంది. అంతే, నిశ్శబ్దం. రచ్చబండని తలుచుకుని మురిసిపోయే మనలాంటి వాళ్ళు మర్చిపోయేది ఇదే. ఆ బండ మీద అందరూ కూర్చోలేదు. భారతం అందరూ చూశారు, ఎక్కడ కూర్చుని చూశారన్నది కులాన్ని బట్టి ఉండేది. ఆశ్రమంలో మంచాలు పక్కపక్కనే ఉన్నాయి, జ్ఞాపకాలు పక్కపక్కన లేవు. ఆ రోజు గుంపు నడిపిన రిటైర్డ్ టీచరమ్మ టాపిక్ మార్చలేదు, నాకు అది నచ్చింది. 'ఎంతసేపు నిలబడేదానివమ్మా?' అని అడిగింది. ఆవిడ చెప్పింది, చాలాసేపు చెప్పింది. మొదటావిడ మాట్లాడకుండా విన్నది, వెళ్ళిపోలేదు. తర్వాత వాళ్ళిద్దరూ స్నేహితులైపోయారని చెప్తే అబద్ధం. కానీ వింటూ కూర్చుంది. పోయిన బిడ్డల సంగతి, చిన్నప్పటి వైధవ్యం, ఇవీ వస్తాయి. బలవంతంగా అడక్కూడదు, వచ్చినప్పుడు మూత పెట్టకూడదు. అందుకే ఇది ఎవరుపడితే వాళ్ళు వచ్చి ఒక శనివారం చేసి పోయే పని కాదు.

'దీనికొక యాప్ చేద్దాం మచ్చా' అన్నాడు మా టీములో ఒకడు. పాత పాటలు, పాత ఫోటోలు, ఏఐ ప్రశ్నలడుగుతుంది, ముసలాయన చెప్తాడు, మనం పడుకోవచ్చు. పాత పాటలు వెతకడానికి ఫోన్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాదనను. కానీ ఒక్కో ముసలాయన చేతిలో ఒక్కో ట్యాబ్లెట్ పెడితే మనం కట్టింది హస్లామ్ ప్రయోగంలో మార్పు రాని ఆ రెండో వరసే. దానికి యూజర్ ఇంటర్‌ఫేస్ ఎంత బాగున్నా ఏం లాభం.

కావలసింది చాలా చౌక. ఆరు నుంచి పది మంది, ప్రతిసారీ ఆ మనుషులే. వారానికొక గంట, అదే రోజు, అదే వేళ. ఒక టాపిక్, దాని తాలూకు ఒక వస్తువు, రోకలో, చాటో, కంది కట్టెల పొరకో. నడిపే మనిషి ఎక్కువ మాట్లాడకూడదు. చెవుడున్నవాళ్ళు దగ్గరగా కూర్చోవాలి. అన్నిటికంటే కష్టమైనది 'ప్రతి వారం' అన్నది. అన్నదానానికి దాతలు దొరుకుతారు, వారానికొక గంటకి దొరకరు. మాకైతే ఆ టీచరమ్మ దొరికింది, నేను రెండు వారాలకోసారి చెయ్యేస్తాను.

చట్టం సంగతి కూడా చూశాను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం ప్రకారం జిల్లాకి కనీసం 150 మంది పేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమం ఒకటైనా ప్రభుత్వం పెట్టొచ్చు. ఆశ్రమాల్లో ఉండాల్సిన సేవల్లో వైద్యంతో పాటు వినోదం అనే మాట కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఆ వినోదం ఆచరణలో టీవీ అయి కూర్చుంది. మంచాలు లెక్కపెట్టొచ్చు, ప్లేట్లు లెక్కపెట్టొచ్చు, టీవీ ఉందో లేదో టిక్కు పెట్టొచ్చు. మనం లైన్స్ ఆఫ్ కోడ్ లెక్కపెట్టి ప్రోగ్రామర్ని కొలిచినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు పెద్దవాళ్ళ జీవన నాణ్యత కొలవడానికి 24 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. అందులో ఆరు విభాగాలుంటాయి. నలుగురిలో కలవడం ఒకటి, సొంత నిర్ణయాలు తీసుకోగలగడం ఒకటి, గడిచినదీ గడుస్తున్నదీ రాబోయేదీ చూసుకుంటే తృప్తి ఉందా అనేది ఒకటి. ఏ తనిఖీకి వచ్చే ఆఫీసరైనా ఈ ఒక్కటి అడిగినా చాలు: మీ పక్క మంచం మనిషి గురించి మీకు తెలిసింది చెప్పండి.

ఇంకో లాభం కూడా ఉంది, పెద్ద లాభం. అక్కడ పనిచేసే ఆయాలు ఇరవై ఏళ్ళ పిల్లలు, చేతికొచ్చే జీతం తక్కువ, పని ఎక్కువ. వాళ్ళకి 'ఆరో నంబరు మంచం' అని తెలిసిన మనిషి, ఒకప్పుడు తపస్సు మాను ఎక్కిన అర్జునుడు అని తెలిశాక స్నానం చేయించే తీరు మారుతుంది. ఆ పిల్లల్ని కూడా గుంపులో కూర్చోబెట్టడం మేం ఈమధ్యే మొదలుపెట్టాం.

అన్నట్టు భాష సంగతి. చిత్తూరు జిల్లాలో తమిళం వచ్చిన పెద్దవాళ్ళు చాలామందే ఉంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో చెప్పిందేంటంటే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. మా వాళ్ళకి ఆ అదృష్టం ఉందనుకుంటాను. ఇబ్బందల్లా, మతిమరుపు ముదిరితే తర్వాత నేర్చిన భాష జారిపోయి మొదటి భాష మిగలడం కూడా ఉంటుంది. మా గుంపులో తిరుత్తణి తాత ఒకాయన ఉన్నాడు. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే, తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఆయన పన్నెండో ఏడో పదమూడో ఏడో నడుస్తున్నప్పుడు. బంప్ మొదట్లోనే రాష్ట్రం మారిపోయిందన్నమాట, చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉంది. తెలుగులో మొదలుపెడతాడు, రెండో వాక్యానికి తమిళంలోకి జారిపోతాడు. నా తమిళం బెంగుళూరు హోటల్లో ఇడ్లీ చెప్పేంత వరకే. వచ్చే నెల అనపకాయల సీజను, పితుకుపప్పు పితకడానికి ఈసారి పదిహేను మందిని కూర్చోబెడుతున్నాం, ఆయన కూడా వస్తానన్నాడు. తిరుపతిలో ఉండి, తమిళం బాగా వచ్చి, శనివారం సాయంత్రాలు ఖాళీగా ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఒక్క శనివారానికి కాదు సుమా, కనీసం మూడు నెలలు.